నందిగామలో ఆగిన రక్తం

జగ్గయ్యపేట నుంచి బెజవాడ వెళ్లే బస్సు నందిగామలో ఆగింది. ఊరి మోతుబరి స్నానం చేసి వచ్చేదాకా కదలకూడదని ఆనవాయితీ. ఇంజనుకి కూడా ఆయనంటే భయమే.

నా పక్క సీటాయన తడిగుడ్డ చుట్టిన చిన్న గాజుసీసా పట్టుకుని మండిపోతున్నాడు.

"మా అన్న రక్తమండీ. ఛాతీలో నొప్పి. మనిషిని కదిలించొద్దన్నాడు డాక్టరు. గుండెనొప్పో, గ్యాసో బెజవాడలో ఈ రక్తం పరీక్ష చేసి చెబుతారంట. ఇక్కడేమో ఈయనగారి వీపు రుద్దుతున్నారు!"

మోతుబరి వచ్చి సంగతి విన్నాడు. "గ్యాసేలేవోయ్, సోడా తాగించు. నేను కాఫీ తాగొస్తా," అన్నాడు. డాక్టరుకి అంతుపట్టని రోగం ఆయనకి సీసా చూడకుండానే తెలిసిపోయింది.

పక్క సీటాయన లేచి, డ్రైవరు భుజం మీదుగా హారను రబ్బరుబుడ్డి పట్టుకుని నొక్కుతూనే ఉన్నాడు. బస్సు కదిలేదాకా ఆపలేదు. మోతుబరి కాఫీ వదిలేసి పరుగెత్తుకొచ్చి ఎక్కాడు.

ఆ అన్న ఏమయ్యాడో నాకు తెలియదు. ఇప్పటికీ ఎవరైనా "గ్యాసేలే" అంటే నా చెయ్యి హారను కోసం తడుముకుంటుంది.