నాన్న వల మీద అభిప్రాయం

కరోనా సెలవులు పోయి బళ్లు మళ్లీ గాడిన పడిన ఏడాది, జూన్ నెలలో, నన్ను సముద్రపు ఒడ్డు మండలంలో ఒక క్లస్టర్‌కి సీఆర్పీగా వేశారు. ఒక పెద్ద హైస్కూలు చుట్టూ ఉన్న పది పన్నెండు బళ్లను కలిపి క్లస్టర్ అంటారు. వాటన్నిటికీ బైకు మీద తిరిగి, హాజరు చూసి, మధ్యాహ్న భోజనంలో గుడ్డు పడిందో లేదో చూసి, అన్నిటికీ ఫొటోలు తీసి పైకి పంపేవాడు సీఆర్పీ. పూర్తి పేరు క్లస్టర్ రిసోర్స్ పర్సన్. కాంట్రాక్టు ఉద్యోగం. హోదాలో టీచరు కన్నా కింద, అటెండరు కన్నా పైన అని మేం చెప్పుకుంటాం. అటెండర్లు ఒప్పుకోరు.

ఉద్యోగ జ్ఞాపకాలు రాసే వయసు నాకింకా రాలేదని మా ఆవిడ అభిప్రాయం. ముప్పై నాలుగో ఏట కాంట్రాక్టు వదిలేసి, గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపు పెట్టుకున్నాను కాబట్టి నేను విశ్రాంత ఉద్యోగినే. శాలువా కప్పలేదు, అంతే తేడా.

ఇది జరిగిన ఊరి పేరు రాయను. రాస్తే ఆ ఊళ్లో నాకు మళ్లీ చేపల పులుసు దొరకదు. నూట ఇరవై గడప, ముప్పై పైచిలుకు పడవలు, ఎనిమిదో తరగతి దాకా ఒక బడి. ఏడో తరగతికి సైన్సు చెప్పే విజయ మేడం రోజూ బందరు నుంచి బస్సులో వచ్చేవారు. పాఠం పుస్తకంలోంచి కాకుండా ఊళ్లోంచి చెప్పాలన్నది ఆవిడ పట్టుదల. ఆ పట్టుదల లేని టీచర్లతో నాకు ఎప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదు.

జూలైలో ఆవిడ పర్యావరణం పాఠం చెప్పారు. వల కన్ను చిన్నదైతే పిల్ల చేపలు కూడా పడతాయి, అవి పెరిగి గుడ్లు పెట్టకముందే అయిపోతాయి, అందుకే కన్ను ఎంతుండాలో ప్రభుత్వం రూలు పెట్టింది అని చెప్పి, ఇంటి పని ఇచ్చారు. ఇంట్లో ఉన్న వల కన్ను స్కేలుతో కొలవాలి, పట్టికలో రాయాలి. పట్టికలో మూడు గడులు: ఎవరి వల, కన్ను ఎంత, మీ అభిప్రాయం.

ఆ మూడో గడి లేకపోతే ఈ జ్ఞాపకం లేదు.

నాగశ్రీ అనే పిల్ల మొదటి గడిలో "మా నాన్న", రెండో గడిలో "2 సెం.మీ." అని రాసి, మూడో గడిలో గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: "ఇది రూలు కన్నా చిన్నది. మా నాన్న చేసేది తప్పు."

నేను ఆ రోజు బడి తనిఖీకి వెళ్లాను. మాకు వారానికొక "మంచి ఆచరణ" పైకి పంపాలని నియమం ఉండేది. అంటే ఏదో ఒక బళ్లో ఏదో ఒక మంచి జరిగినట్టు ఫొటోతో సహా చూపించాలి. ఆ వారం నా దగ్గర గుడ్డు ఫొటోలు తప్ప ఏమీ లేవు. నాగశ్రీ పుస్తకం చూడగానే ప్రాణం లేచొచ్చింది. పేజీకి ఫొటో తీసి, "విలువలతో కూడిన విద్య" అని శీర్షిక పెట్టి మండలం వాట్సాప్ గ్రూపులో వేశాను. ఎంఈఓ గారు, అంటే మండల విద్యాధికారి, బొటనవేలు పెట్టారు. నేను చేరాక ఆయన నాకు పెట్టిన మొదటి బొటనవేలు అది.

పది రోజుల తర్వాత మత్స్యశాఖ వాళ్లు ఒడ్డుకి వచ్చారు. ఊరంతటినీ వదిలేసి తిన్నగా నాగశ్రీ నాన్న ఏడుకొండలు పడవ దగ్గరకే వెళ్లారు. కొలిచే పరికరం ఆఫీసులో ఉండిపోయింది కాబట్టి, పరికరాన్ని ఒడ్డుకి తేకుండా వలల్నే బందరు ఆఫీసుకి తీసుకెళ్లారు. రెండు వలలు. ఆయనకి పనికొచ్చేవి ఆ రెండే.

ఇంత మంది ఉండగా తన పడవే ఎందుకు? వచ్చినవాళ్లలో ఒకరు బడి పుస్తకం మాట అన్నారట. ఏడుకొండలు ఆ సాయంత్రమే కూతురి పుస్తకాల సంచి దులిపాడు. మర్నాటి నుంచి నాగశ్రీ బడికి రాలేదు. సోమవారం నుంచి వాళ్లమ్మతో పాటు వ్యాన్లో కృత్తివెన్ను వైపు రొయ్యల షెడ్డుకి తలలు తీసే పనికి వెళ్తుందని కబురొచ్చింది.

నెలరోజులు బడికి రాని పిల్ల పేరు మా లెక్కల్లో "డ్రాప్ బాక్స్"లో పడుతుంది. పేరు పడ్డ పిల్లను మళ్లీ బయటికి తీయడం, వలలో పడ్డ చేపను బయటికి తీసినంత తేలిక కాదు. విషయం తేల్చి రమ్మని ఎంఈఓ గారు నన్ను పంపారు. ఆయన స్వయంగా రాలేదు. తేలని విషయాల దగ్గర తన సంతకం ఉండటం ఆయనకి ఇష్టం ఉండదు.

వెళ్లేసరికి ఊళ్లో ప్రతివాడూ ఇంకొకడిని అనుమానిస్తున్నాడు. ఏడుకొండలు అనుమానం మేడం మీద. మేడం అనుమానం బడి ఎదురు టీకొట్టు మీద, ఎందుకంటే మత్స్యశాఖ జీపు అక్కడ ఆగి టీ తాగింది. టీకొట్టు వాడి అనుమానం ఏడుకొండలు తోడల్లుడి మీద. నేను పద్ధతి గలవాణ్ణి కాబట్టి అనుమానితుల జాబితా కాగితం మీద రాసుకున్నాను. ఆరు పేర్లు వచ్చాయి. ఏడో పేరు కోసం, ఎవరైనా ఆ పేజీ ఫొటో ఎక్కడికైనా పంపారేమో చూద్దామని ఫోన్లో గ్రూపు పైకి జరిపాను. బొటనవేలు కనిపించింది. దాని పైన ఫొటో. ఫొటో పైన నా పేరు.

మండలం గ్రూపులోంచి ఇంకో గ్రూపుకి, అక్కడి నుంచి ఇంకో గ్రూపుకి వెళ్లి, మత్స్యశాఖ వాళ్ల ఫోన్లో తేలి ఉంటుంది. జాబితా చింపేశాను. డిటెక్టివుగా నా జీవితం అరగంట.

శనివారం బడి వరండాలో సమావేశం పెట్టాం. ఊరి పెద్ద సుబ్బారాయుడు గారు, ఏడుకొండలు, నాగశ్రీ, మేడం, నేను. చుట్టూ పాతికమంది, పనిలేక.

ఏడుకొండలు నిలబడే మాట్లాడాడు. "మేడం గారూ, మీరు అక్షరాలు చెప్పండి, లెక్కలు చెప్పండి. కాళ్లకి దణ్ణం పెడతాం. మంచేదో చెడ్డేదో మా పిల్లలకి మేం చెప్పుకుంటామండి. తండ్రి తప్పు చేశాడని రాయించే చదువేంటండీ?"

"నేను రాయించలేదండీ. అభిప్రాయం అడిగాను," అన్నారు మేడం.

"పన్నెండేళ్ల పిల్లకి అభిప్రాయం ఎక్కణ్ణుంచొస్తదండి? మీరు పెడితే వచ్చింది."

"మీరు ఇంట్లో చెబుతారా మరి? చేప పెరక్కముందే పట్టేస్తే రేపు వీళ్లకేం మిగుల్తుందో ఎవరో ఒకరు చెప్పాలి కదండీ."

"నాకు చెబుతున్నారా ఆ మాట!" అని ఏడుకొండలు నవ్వాడు. అది నవ్వు కాదని అందరికీ తెలిసింది. "మా నాన్న నాకు పదేళ్లప్పుడే చెప్పాడు. వేళ్లు పెట్టి చూపించి చెప్పాడు."

ఇక్కడ నాలో నిజాయితీ నిద్ర లేచింది. లేచి నిలబడి, ఆ ఫొటో పంపింది నేనే, మేడంకి గానీ పాపకి గానీ సంబంధం లేదని చెప్పాను. గొప్ప నిశ్శబ్దం వస్తుందనుకున్నాను. రాలేదు.

సుబ్బారాయుడు గారు చుట్ట పక్కన పెట్టి నన్ను కింది నుంచి పైదాకా చూశారు. "మేడం గారిని కాపాడ్డానికి చెప్తన్నావు కదయ్యా?"

"లేదండీ, నిజంగా నేనే."

"మంచోడివిలే. కూర్చో."

ఫోన్ తీసి చూపించినా నమ్మలేదు. ఫోన్లో ఏదైనా సృష్టించొచ్చట. నా జీవితంలో ఒకే ఒక్కసారి తప్పు ఒప్పుకుంటే జరిగిన మర్యాద ఇది.

అప్పుడు ఏడుకొండలు భుజం మీద తెచ్చుకున్న వల కింద పడేసి, "నువ్వెట్టా కొలిచావో కొలిచి చూపించవే అమ్మడూ," అన్నాడు. నాగశ్రీ స్కేలు తెచ్చింది. వలను నేల మీద పరిచి, ఒక ముడి నుంచి పక్క ముడి దాకా, కన్ను ఒక వైపు అంచు వెంట స్కేలు పెట్టింది. రెండు సెంటీమీటర్లు. పుస్తకంలో రాసినదే.

మేడం తల ఊపారు. పామిడిముక్కల పొలాల్లో పుట్టిన నేనూ ఊపాను. బడికి సంబంధించిన వాళ్లం ఇద్దరమే ఊపాం. వరండాలో మిగతా పాతికమందీ ఒకేసారి నవ్వారు.

ఏడుకొండలు కూతురి పక్కన గొంతుక్కూర్చుని, అదే కన్నును ఎదురెదురు ముడుల దగ్గర పట్టుకుని రెండు చేతులా లాగాడు. కన్ను సన్నగా, పొడుగ్గా సాగింది. "ఇప్పుడు పెట్టు." నాగశ్రీ పెట్టింది. నాలుగు. రూలుకి చాలు.

"వల నీళ్లలో పడుకుని ఉండదమ్మా, లాక్కుని ఉంటది. కన్ను లాగి కొలవాలి. మేమూ అంతే, ఆళ్ల ఆఫీసులోనూ అంతే."

తరగతి గదిలో నల్లబల్ల మీద వల కన్నుకని మేడం గీసిన చతురస్రం ఇంకా చెరపలేదు. కొలవాల్సింది ఇదీ అని ఒక భుజం పక్కన బాణం గుర్తుంది. పాఠం చెప్పాలనే తొందరలో ఆవిడగానీ, ఫొటో తీయాలనే తొందరలో నేనుగానీ, వల కన్ను ఎలా కొలుస్తారని ఆ ఊళ్లో ఒక్కరినీ అడగలేదు. నూట ఇరవై గడపల్లో ఎవరిని అడిగినా చెప్పేవారు. మేడం బాణం గుర్తు వైపు చూసి, "తప్పు నాదండీ," అన్నారు. ఆవిడ మాట మాత్రం అందరూ వెంటనే నమ్మారు.

ఇక అయిపోయిందనుకుని నేను బైకు తాళం తీశాను. అప్పుడు నాగశ్రీ స్కేలు చేత్తో పట్టుకునే అంది, "నేను కొలిచింది ఇది కాదు నాన్నా. ఇది మొన్న కొన్న కొత్తది."

నాకూ అప్పుడే కనపడింది. వలకి ఉప్పు మరక లేదు. దారాలు ఇంకా మెరుస్తున్నాయి.

"అది బందర్లో ఉంది కదే. సాక్ష్యానికెళ్లింది," అన్నాడు ఏడుకొండలు. జనం నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. "అయితే అది కూడా లాగి చూడాలి," అంది.

తండ్రి కూతురి వైపు చూశాడు. చెంప పగలగొడతాడనుకున్నాను. "సరే పద. నువ్వే కొలుద్దువుగాని. సరిపోతే సోమారం బడికి. లేకపోతే..." అని ఆగాడు. సరిపోకపోతే తప్పు తనదవుతుంది, శిక్ష కూతురికెలా వేస్తాడో ఆ వాక్యం పూర్తి చేయబోతే ఆయనకే తట్టినట్టుంది.

ఆ మధ్యాహ్నమే తండ్రీ కూతురూ నేనూ ముగ్గురం బందరు బస్సెక్కాం. బస్సులో ఏడుకొండలు నా పక్కన కూర్చుని, నేను ఎవరి మనిషినో మూడు రకాలుగా కనుక్కున్నాడు. మూడుసార్లూ నా జవాబు ఒకటే రావడంతో ఆయన అనుమానం ఇంకా పెరిగింది. ఆఫీసులో రెండు వలలూ వరండాలో మూలన పడి ఉన్నాయి. అక్కడి ఉద్యోగి కొలిచే రేకు తెచ్చి, కన్ను లాగి చూపించాడు. పక్కనే నాగశ్రీ స్కేలు పెట్టింది. ఒక చోట కొలిచి ఊరుకోలేదు, ఒక్కో వలకి ఐదారు చోట్ల కొలిచింది. రెండూ రూలుకి సరిపోయాయి. వలలు తిరిగి ఇచ్చే కాగితంలో "సమాచారం ఇచ్చినవారు" అనే చోట "విద్యార్థిని నోటు పుస్తకం" అని రాసి ఉంది. దాన్ని కొట్టించి, నా పేరు రాయించి, సంతకం పెట్టాను. ఏడుకొండలు ఆ సంతకాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. అప్పుడు నమ్మాడు. నమ్మిన వెంటనే నాతో మాట్లాడటం మానేశాడు.

సోమవారం నాగశ్రీ బడికి వచ్చింది. వ్యాన్ వాళ్లమ్మను మాత్రమే ఎక్కించుకుని వెళ్లింది.

ఆ వారం మళ్లీ తనిఖీకి వెళ్లాను. మేడం బాణం గుర్తు మార్చి, ఒక రోజు పాఠం ఏడుకొండలు చేతనే చెప్పించారట. ఆయన వేళ్లతో కొలిచే లెక్క పిల్లలు పుస్తకాల్లో రాసుకున్నారు. నాగశ్రీ కొత్త పట్టిక గీసింది. మొదటి రెండు వరసల్లో బందరు వెళ్లొచ్చిన వలలు: "లాగి కొలిచాను, 4 సెం.మీ." అభిప్రాయం గడిలో, "మా నాన్న చేసేది సరైనదే. ముందు నేను తప్పు కొలిచాను." మూడో వరసలో సమావేశానికి తెచ్చిన కొత్త వల, అదీ నాలుగే.

కింద నాలుగో వరస కూడా ఉంది.

"అటక మీద వల. లాగి కొలిచాను. 2 సెం.మీ." అభిప్రాయం గడిలో, అవే గుండ్రటి అక్షరాలతో: "నాన్నతో మాట్లాడుతున్నాను."

ఆ వారం నా దగ్గర మంచి ఆచరణ ఇంకేదీ లేదు. ఫోన్ జేబులోనే ఉంచి, పుస్తకం మూసి పిల్లకిచ్చేశాను. పైకి గుడ్డు ఫొటో పంపాను. బొటనవేలు రాలేదు.

ఆ వల తర్వాత ఏమైందో నాకు తెలియదు, అడగలేదు. పిల్లలకి మంచిచెడ్డలు బడి నేర్పాలా ఇల్లు నేర్పాలా అని షాపుకొచ్చే బీఈడీ పిల్లలు ప్రాజెక్టు రికార్డుల్లో తరచూ రాస్తుంటారు. జిరాక్స్ తీస్తూ చదువుతుంటాను. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నవి రెండే. అభిప్రాయం గడి గీసే ముందు, పక్క గడిలో అంకె ఎలా కొలవాలో ఆ పని చేసేవాళ్లని అడగాలి. ఆ గడిలో పిల్ల రాసింది ఆ పిల్లది, దానికి ఫొటో తీయకూడదు.