గోలీల డబ్బా బల్లమీద పెట్టిన ఆదివారం

సహోదరులారా, సహోదరీలారా, చెప్పుల్లో పట్టనంతగా కాళ్లు వాచి, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వచ్చి, రాత్రి పడుకుంటే తెల్లారి లేస్తానో లేదో అని భయపడిన దినాలు నావి! అంతకు కొద్ది దినాల ముందే మన సంఘం ఎదుట నిలబడి ‘నాకు స్వస్థత కలిగింది’ అని సాక్ష్యం చెప్పినవాణ్ణి కూడా నేనే. ఆ సాక్ష్యం తప్పు. అందుకే ఈ రెండోది రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

నా పేరు ఆశీర్వాదం. పేరు మొదట్లోనే ఆశ ఉంది, అందులో ఎక్కువ పాలు తిండి ఆశ. ఉప్పుగూడలో పుట్టి పెరిగి, బడి ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. పన్నెండేళ్లుగా షుగరూ బీపీ నాతో కాపురం చేస్తున్నాయి, వాటి వల్ల కిడ్నీలు సగం దెబ్బతిన్నాయి. ఉప్పు తగ్గించమని డాక్టరుగారు చెబితే, ‘అయ్యా, మా ఊరి పేరులోనే ఉంది, ఎక్కడికి పోను?’ అని నవ్వించి బయటపడేవాణ్ణి. మధుమేహం అనేది నాకు పెద్దయ్యాక వచ్చింది గాని, మధు మోహం మాత్రం పుట్టుకతోనే ఉంది.

ఆ మోహం ఎక్కడ అంటుకుందో చెప్పాలంటే నా చిన్నతనానికి వెళ్లాలి. నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. బుధవారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూడిక జరిగేది, చాప మీద పదిమందిమి ఒదిగి కూర్చునేవాళ్లం, పక్కనుంచి రైలు పోతుంటే పాస్టరు అయ్యగారు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి ఆ చప్పుడు అణిగేదాకా ఆగేవారు, పిల్లలమంతా కళ్లు మూసుకున్నట్టే మూసుకుని వంటింటి వైపు ముక్కు తిప్పేవాళ్లం! ఆమెన్ అనగానే సాసర్లలో పోసిన చిక్కటి టీ, అందులో ముంచితే విరిగిపడే బిస్కెట్టు, అమ్మ చేసిన కారం అటుకులు. ఇప్పటికీ ఆ వాసన తలచుకుంటే నాకు ప్రార్థనే గుర్తుకొస్తుంది. ఆ రుచులు పాపమని నేననను, దేవుని ప్రేమను నేను ముందు నాలుకతోనే నేర్చుకున్నాను.

పెద్దయ్యాక సంఘ పెద్దనయ్యాను, వారానికి నాలుగిళ్లలో ప్రార్థన నడిపించేవాణ్ణి, నాలుగిళ్లలోనూ టీ, నాలుగిళ్లలోనూ మిక్చర్. వద్దంటే, ‘ఏంది పెద్దయ్యా, మా ఇంట్ల తాగవా?’ అని ముఖం చిన్నబుచ్చుకుంటారని తాగేవాణ్ణి. వాళ్ల ముఖాలు చిన్నబోలేదు, నా కిడ్నీలు చిన్నబోయాయి.

పోయిన ఏడాది ఈస్టరుకు ముందు శ్రమకాలపు నలభై దినాల్లో ఉపవాసం మొదలుపెట్టాను. అదే సమయంలో ఫోన్‌లో ఒకాయన ఇరవై ఒక్క దినాల్లో ఒంట్లో విషమంతా కడిగేస్తానని చెబుతుంటే విన్నాను. పొద్దున పాలకూర రసం, మధ్యాహ్నం కొబ్బరినీళ్లు, సాయంత్రం బత్తాయి రసం, మందులు మాత్రం వద్దన్నాడు. నా భార్య కరుణమ్మ వెంటనే అడిగింది, “డాక్టర్‌ను అడిగినవా అయ్యా?” అని. “దేవుణ్ణి అడిగిన” అన్నాను. నిజానికి అడగలేదు సహోదరులారా, నేను చేయబోయేది ఆయనకు చెప్పాను, అంతే!

వారం తిరిగేసరికి మూడు కిలోలు తగ్గాను, ఒళ్లు దూదిలా తేలికైంది. ఇంక ఆగుతానా? ఆదివారం సాక్ష్యాల వేళ లేచి, నా మందు గోలీల డబ్బా తెచ్చి బల్లమీద పెట్టి, “ప్రభువే నా డాక్టరు, ఇవి నాకిక అక్కర్లేదు” అన్నాను. సంఘమంతా చప్పట్లు, హల్లెలూయ! ఒక్క కరుణమ్మ మాత్రం చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

తర్వాతి వారానికే కాళ్లలో నీరు దిగింది. కరుణమ్మ ఆ డబ్బాను ఇంటికి తెచ్చి నా కంచం పక్కన పెట్టింది. “ఏసుకో అయ్యా. దేవుడు ఎవ్వరికి చెప్పడు తీ” అంది. నేను వేసుకోలేదు. అన్ని చప్పట్లు తీసుకున్నవాడు చాటుగా గోలీ ఎలా మింగుతాడు? గొంతులో దిగకుండా అడ్డుపడింది రోగం కాదు, పరువు.

ఒక గురువారం పొద్దున ముఖం కడుక్కుంటుంటే కాళ్లలో ఎముకలు లేనట్టు కూలబడ్డాను, గుండె ఒకసారి కొట్టుకుని ఒకసారి మరిచిపోతోంది. పక్కింటి రజియా ఆపా వీధిలోకి పరుగెత్తి ఆటో ఆపింది, ఆమె ఒక చంక, కరుణమ్మ ఒక చంక పట్టి ఆసుపత్రికి చేర్చారు. నేను తాగినవన్నీ విని డాక్టరుగారు తల పట్టుకున్నారు. “పాలకూర మంచిదే బాపు, కొబ్బరినీళ్లు మంచియే, గని నీ కిడ్నీలకు గాదు. ఒంట్ల పొటాషియం మస్తు పెరిగింది, ఇంకింత లేట్ అయితే గుండె ఆగుతుండె. ఒళ్లు కడిగే పని కిడ్నీలది. అలిసిపోయినోని నెత్తి మీద ఇంకో మూట పెట్టినవ్ నువ్వు” అన్నారు.

మూడో దినం మన సంఘంలోని శాంతమ్మ పెద్దమ్మ చూడవచ్చింది, డెబ్బై దాటిన మనిషి. మంచం కడ్డీ పట్టుకుని నిలబడి, “నీ సాక్ష్యం ఇన్నంక నేను గూడ బీపీ గోలీలు బంద్ జేసిన బిడ్డా. తల మస్తు తిరుగుతుంది, గని నాకే విశ్వాసం తక్కువున్నదేమో అని ఊకున్న” అంది.

అంతవరకు రోగానికి ఏడవని నేను అప్పుడు ఏడ్చాను! “ప్రభువా, ఒంట్లో విషం ఉందని రసాలు తాగాను, నా మాటలో ఉన్నదాన్ని కడగమని నిన్ను అడగలేదు. ఈ తల్లిని కాపాడు, చప్పట్ల ఆశనుంచి నన్ను విడిపించు” అని అందరూ వినేలా మొరపెట్టాను. నర్సమ్మ అక్కడికక్కడే పెద్దమ్మ చేతికి బీపీ పట్టీ చుట్టి చూసి, “అమ్మా, ఇంటికి పోకు, డాక్టర్ దగ్గరికి నడువు” అని తీసుకుపోయింది. ఆ దినమే మందులు మళ్లీ మొదలయ్యాయి, ఆమె క్షేమంగా ఉంది, స్తోత్రం!

రెండు వారాల తర్వాత నేను సంఘం ఎదుట నిలబడి నా సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్నాను. ఈసారి చప్పట్లు లేవు. వెనుకనుంచి ఒక తమ్ముడు, “నేను గూడ ఆపిన అన్నా” అన్నాడు, ఆ తర్వాత మరో ఇద్దరు చెయ్యెత్తారు. ఇంతలో శాంతమ్మ పెద్దమ్మ, “ఇగ కూసో బిడ్డా, కాళ్లు వాస్తయ్” అని కేకేస్తే అందరం నవ్వుతూనే ఏడ్చాం.

ఇప్పుడు వేళకు మందులు వేసుకుంటున్నాను, డాక్టరుగారు రాసిచ్చిన తిండి తింటున్నాను. కరుణమ్మ కూరగాయలు కోసి, పొటాషియం తగ్గేలా నీళ్లలో నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుతుంది. మామిడికాయ పచ్చడి జాడీని దూరంనుంచే పలకరిస్తాను. తాగే నీళ్లకు కొలత, సాయంత్రం స్టేషన్ దాకా నడక. ఖాళీ కడుపుతో ఉండొద్దన్నారు గనుక అయ్యగారి సలహాతో ఫోన్‌కే ఉపవాసం పెట్టాను, అదేమీ చిన్న శ్రమ కాదు! కూడికల్లో చక్కెర లేని టీ అరకప్పు ఇస్తారు, అదీ కొలతలో లెక్కే. కిడ్నీలు కొత్తవి కాలేదు, ఉన్నంతవరకు నిలబడ్డాయి, డయాలసిస్ ఇప్పటికి అక్కర్లేదన్నారు. నేను కోరిన అద్భుతం ఇది కాదు, అయినా దేవుడు ఇచ్చింది ఇదే, రోజూ రెండు పూటలా చేతికందిస్తున్నాడు.

ప్రియులారా, ఆయనను నమ్మండి, ఆయన మనల్ని విడిచిపెట్టడు. నా మొదటి సాక్ష్యం విని ఎవరైనా మందులు ఆపి ఉంటే, రేపే మీ డాక్టరు దగ్గరికి వెళ్లి దాచకుండా చెప్పండి. చెప్పడానికి సిగ్గనిపిస్తే, ఉప్పుగూడ ఆశీర్వాదం మాట విని ఆపామని చెప్పండి. ఆ నింద నేను మోస్తాను, మహిమ మాత్రం దేవునికే!