ఒక్క పాటే కదండీ

ఎస్తేరు టీచరు గొంతు వినపడని ఇల్లు ఆ పేటలో లేదు. రాజోలులో ఒక ప్రైవేటు బడిలో నాలుగో తరగతికి చెప్పేది. పొద్దంతా ఆ పిల్లల మీద అరవడం, ఇంటికి రాగానే వసారాలో ట్యూషన్, ట్యూషన్ పిల్లలు చాపలు చుట్టేసరికి ఎవరింట్లోనో ప్రార్థన కూడిక. అక్కడ పాట ఎత్తుకునేది ఎవరు? ఎస్తేరే. పోనీ ఆదివారమైనా ఊపిరి పీల్చుకుంటుందా అంటే, అసలు పనంతా ఆరోజే. సండేస్కూలు, తర్వాత ఆరాధనలో పాటలు, మధ్యాహ్నం స్త్రీల సమాజం. పాస్టరు అయ్యగారు విశ్రాంతి దినం గురించి ప్రసంగం చేస్తుంటే, అది అవగానే ఎత్తుకోవలసిన పాట కోసం పుస్తకం తిరగేస్తూ ఉండేది ఆ మహాతల్లి.

ఎవరూ బలవంతం చేయలేదు, ఆ మాట ముందే చెప్పాలి. "ఒక్క పాటే కదండీ టీచరుగారూ" అని ఎంతో మర్యాదగా అడిగేవారు. కాదనడం ఆమెకు చేతకాదు. అత్తగారు సూరమ్మ ఊడ్పుల్లో, కోతల్లో నడుం విరగ్గొట్టుకున్న మనిషి. "జ్వరం వస్తే గానీ మేం పగలు పడుకోలేదమ్మా" అని గొప్పగా చెప్పుకునేది. ఆ ఇంట్లో మధ్యాహ్నం నడుం వాల్చాలంటే ఎస్తేరుకు దొంగతనం చేస్తున్నట్టుండేది. పైగా, నిజం చెప్పొద్దూ, తను లేకపోతే పాట లేవదని నలుగురూ అంటుంటే వినడానికి ఆమెకూ తీపిగానే ఉండేది.

ఆ యేడు క్రిస్మస్‌కి ఇంటింటికీ తిరిగి పాడాక గొంతు జీరపోయింది. మిరియాల పాలు తాగింది, పాడింది. ఉప్పునీళ్లు పుక్కిలించింది, పాఠం చెప్పింది. చివరికి ఒకనాడు బడిలో హాజరు పిలుస్తుంటే సగంలో మాట ఆగిపోయింది. భర్త శ్యామ్ బాబు కోర్టులో గుమాస్తా. భయపడిపోయి అమలాపురంలో గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

"స్వరతంత్రుల మీద కాయలు కట్టాయమ్మా. నెల రోజులు నోరు విప్పకూడదు. గుసగుసగా కూడా వద్దు. అలా ఉన్నారంటే గొంతు మిగులుతుంది. మాట వినకుండా వాడేశారనుకోండి, ఇక నేను చేసేదేమీ ఉండదు" అన్నాడాయన.

"ఆయ్" అనబోయింది. ఆయన పెదాల మీద వేలు పెట్టుకుని చూపించాడు. తిరిగొస్తూ శ్యామ్ బాబు బస్టాండు దగ్గర ఒక పలక కొన్నాడు.

బడికి సెలవు పెట్టింది, ట్యూషన్ పిల్లల్ని పంపేసింది. మొదటి మధ్యాహ్నం మంచం మీద వాలితే ఒక్కో కీలూ సలిపింది, ఇన్నేళ్ల నొప్పులన్నీ అప్పుడే గుర్తొచ్చినట్టు. తర్వాత నిద్ర పట్టింది. లేచేసరికి దొడ్లో కొబ్బరిమట్ట రాలిన చప్పుడు, పొయ్యి మీద చేపల పులుసు వాసన. ఇంటర్ చదువుతున్న కూతురు నిఖిత వెనకాల కూర్చుని జడ వేసింది. తల్లికి ఏడుపు ముంచుకొచ్చింది. ఇంత హాయి ఇంట్లోనే ఉంటే ఇన్నాళ్లూ ఎక్కడెక్కడో తిరిగానే అనుకుంది. "ఇక ట్యూషన్లు వద్దు" అని పలక మీద రాసి మొగుడికి చూపించింది. "వద్దంటే మానెయ్, ఎవరు కాదన్నారు" అన్నాడు.

అప్పుడు సంఘ పెద్ద మత్తయిగారు వచ్చేరు. టీచరుగారి గొంతు బాగుపడాలని వారమంతా ఇంటింటా కూడిక పెడుతున్నామన్నారు. మంచిదే, ఎవరు కాదంటారు? కాకపోతే ఎవరి కోసం ప్రార్థిస్తారో వాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి, తమ బాధేమిటో, దేవుడు చేసిన మేలేమిటో. అది అక్కడి ఆనవాయితీ. గొంతు కోసం ప్రార్థన పెట్టి ఆ గొంతుతోనే సాక్ష్యం చెప్పించడమేమిటని ఒక్కరికి తట్టాలి కదా! అబ్బే. మాట్లాడకూడదని ఆమె పలక మీద రాసి చూపిస్తే మత్తయిగారు కళ్లు చిట్లించారు.

"కళ్లజోడు తేలేదండి. నోటితో ఒక్క ముక్క చెప్పెయ్యండి, ప్రభువు చూసుకుంటాడు."

ఒక్క ముక్క చెప్పింది. మర్నాటి ఇంట్లో నాలుగు ముక్కలయ్యాయి. ఆ తర్వాతి ఇంట్లో మెల్లగా ఒక పల్లవి. "డాక్టరు వద్దన్నారండి" అని శ్యామ్ బాబు గొణిగాడు. "ప్రార్థన చేస్తున్నాం కదా బాబూ" అన్నారు, అతను తల దించుకున్నాడు. ప్రార్థించినవాళ్ల కన్నీళ్లు దొంగ కన్నీళ్లు కావు, నిజంగానే ఏడ్చారు. అదే మన ఖర్మ.

నెల నిండకుండానే కృతజ్ఞత కూడిక పెట్టేశారు. విశ్వాసం ఉన్నవాళ్లు మేలు జరగకముందే స్తోత్రం చెప్పాలట. షామియానా, మైకు, కోడికూర భోజనాలు. ఆ పొద్దున్న ఎస్తేరు పలక మీద "నేను రాను" అని రాసింది. తన కోసం ఇంతమంది పొయ్యిల దగ్గర మాడుతుంటే ఎలా మానడం? ఎవరికీ చూపించకుండా కొంగుతో తానే తుడిచేసి, తెల్లచీర కట్టుకుంది.

పాట బాగానే లేచింది. జనం చప్పట్లు కొట్టారు. చివరి చరణంలో పైకి వెళ్లేసరికి గొంతులో ఏదో పుటుక్కుమంది. ఆ తర్వాత గాలి వచ్చింది, మాట రాలేదు. మిగతా పాట జనమే అందుకుని పూర్తి చేశారు. అమలాపురం డాక్టరు గొంతులోకి చూసి, లైటు ఆర్పేసి, "ఎందుకు పాడేరమ్మా?" అన్నాడు.

బడిలో ఆమె కుర్చీలోకి మరొకరు వచ్చేరు. ఇప్పుడు మధ్యాహ్నాలన్నీ ఖాళీయే. మంచం మీద వాలుతుంది గానీ ఆ మొదటి రోజుల నిద్ర మళ్లీ రాలేదు. చూడవచ్చినవాళ్లు "పోన్లెండి, ఇప్పటికైనా విశ్రాంతి దొరికింది" అని వెళతారు. ఆ మాటకు పలక తీసి నేలకేసి కొట్టాలనిపిస్తుంది ఆమెకు.

మొన్న ఆదివారం గుడిలో పాట ఎత్తుకునేవాళ్లు లేక మత్తయిగారు వెనక్కి తిరిగారు.

"నిఖితమ్మా, మీ అమ్మ గొంతే నీది. రా తల్లీ."

నిఖిత పరీక్షల చదువుతో, వరుస కూడికలతో వారం నుంచీ దగ్గుతోంది. "గొంతు బాగోలేదండి" అంది బొంగురుగా.

"పాడితే అదే సర్దుకుంటుంది. ఒక్క పాటే కదమ్మా."

ఎస్తేరు దిగ్గున లేచింది. వద్దు, నా బిడ్డను వదిలెయ్యండి అని పేట అదిరేలా అరిచింది. పెదవులు కదిలాయి, అంతే. రెండు చేతులూ పైకెత్తి గట్టిగా ఊపింది. చుట్టూ ఉన్నవాళ్లు "స్తోత్రం" అంటూ తామూ చేతులెత్తారు. మత్తయిగారికి కళ్లు చెమర్చాయి.

"చూసేవా, మీ అమ్మ ఎలా స్తుతిస్తున్నారో!"

నిఖితకు మాత్రం అర్థమైంది. తల్లి కళ్లలోకి చూసింది. గుడిలో అందరూ తనవైపే చూస్తున్నారు. కాదనడం ఆ పిల్లకూ చేతకాలేదు. దగ్గు మింగుకుని పాట ఎత్తుకుంది.