జార్జియా పాఠం, జహీరాబాద్ బావి

నా స్నేహితురాలు సుగుణ ఎం.ఏ.లో అమెరికా చరిత్ర పేపరు తప్పింది. "ఈసారన్నా గట్టెక్కించు" అని కబురు పెట్టింది. ఆ పాఠాలు చెప్పుకునే బతుకుతున్నాను కాబట్టి తప్పదు. డెబ్బై తొమ్మిది చలికాలం చివర, ఒక శనివారం సికింద్రాబాదులో ప్యాసింజరు ఎక్కాను. ఆరున్నరకు కదలాల్సిన బండి ఏడు దాటాక కదిలింది. మన రైళ్లకు గడియారమంటే చిన్నచూపు.

వికారాబాదులో ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్లు నీళ్లుగా ఉన్నా ఆకలి ఊరుకోనివ్వలేదు. కోహీర్‌లో బురఖా వేసుకున్న ఒక పెద్దమ్మ జామపండ్ల గంపతో ఎక్కి, "జర జరుగు బిడ్డా" అంటూ కూర్చుంది. నా ఒళ్లో రెండు పండ్లు పెట్టింది. డబ్బులివ్వబోతే, "ఇంటి చెట్టువి. ఫికర్ చెయ్యకు" అంది. ఆ దారిన వెళ్లేవారు ఆ పండ్లు తినకుండా రాకండి.

పదకొండింటికి జహీరాబాద్ చేరాను. సుగుణ స్టేషన్‌కు వచ్చింది. రైలుకట్ట పక్కనే వాళ్ల చేను. ఎర్రమట్టిలో సగం తవ్వి వదిలేసిన బావి కనిపించింది. గట్టున పోసిన మట్టి మీద గడ్డి మొలిచింది.

"నాయిన ఆపిండు" అంది సుగుణ. "నేనొక్క బిడ్డనే గద. చేను చిన్నాయన కొడుక్కు రాస్తడట. బడిల పిల్లలకు పాఠాలు చెప్పొచ్చినంక చేను చూసేది నేనే. గాని అడగాల్నంటె భయం."

జొన్నరొట్టె, పుంటికూర పప్పు తిన్నాక వసారాలో పాఠం మొదలుపెట్టాం. సుగుణ తండ్రి ఈరప్ప మంచం మీద కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తున్నాడు. జార్జియా వలస తొలిరోజుల సంగతి చెప్పాను. లండన్ పెద్దలు బీదవాళ్లను ఓడల్లో దించి, మూలవాసుల నుంచి తీసుకున్న అడవిని ఇంటికింత అని పంచారు. పక్కనే స్పెయిన్ వాళ్లున్నారు. అందుకని ప్రతి కమతానికీ తుపాకీ పట్టే మగవాడుండాలన్నారు. భూమి కొడుక్కే దక్కుతుంది, కొడుకు లేకపోతే తిరిగి పెద్దలకే అని షరతు పెట్టారు.

అడకత్తెర ఆగింది. "ఆడపిల్లలే ఉన్నోళ్లు ఏంజేసిన్రు పంతులమ్మా?"

"చెట్లు కొట్టి, మొద్దులు పీకి ఎవరికోసం చెయ్యాలని మొరపెట్టుకున్నారు. పనికి మనసొప్పలేదు. చివరికి పెద్దలే దిగొచ్చి షరతు సడలించారు."

"దేశమేదైతేంది, మనసు గంతే" అన్నాడాయన. "నేను గూడ బావి గట్లనే ఇడిసిపెట్టిన."

సుగుణ పుస్తకంలోంచి తలెత్తకుండా అంది. "చేను నాకియ్యి నాయినా. నువ్వు బావి తవ్విస్తె నీళ్లు నేను పారిస్త."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. పాఠం చెప్పమంటే ఇంట్లో చిచ్చుపెట్టానా అని నాకు గుబులు పుట్టింది.

ఆదివారం ఉదయం ఎనిమిదింటి బండికి సుగుణ నాతో స్టేషన్ దాకా నడిచింది. "నాయిన పొద్దుగాలనే యాడికో పోయిండు. చెప్పలే" అంది, కళ్లు తుడుచుకుంటూ. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

బండి కదిలింది. చేను రాగానే కిటికీకి అతుక్కుపోయాను. మేం నడిచొచ్చినప్పుడు ఎవరూ లేని బావి గట్టు మీద ఇప్పుడు ఈరప్ప నిలబడి ఉన్నాడు. ఇద్దరు కూలీలు గడ్డపారలతో లోపలికి దిగారు. పైకొస్తున్న తట్టల్లో మట్టి పచ్చిగా, ఎర్రగా ఉంది.

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఈ మాట సుగుణకు చెప్పే దారే లేదే అని ఒక్క నిమిషం కొట్టుకున్నాను. అంతలో గుర్తొచ్చింది. స్టేషన్ నుంచి ఇంటికి ఆమె ఆ చేను గట్టునే నడిచి వెళ్లాలి.