చౌరస్తాదాకా వినపడ్డ గొంతు

భూలక్ష్మి చెడ్డ మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పి పెట్టాలి. బతుకమ్మ పండగ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు ఆమె చేసిన పని విన్నాక చెబితే ఎవరూ నమ్మరు మరి.

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక వాడకట్టులో ఆ ఇంటికి పెద్దకోడలు ఆమె. వయసు నలభై దాటింది. ఇద్దరు పిల్లల్ని పెంచి హాస్టళ్లలో వేసింది. అత్త మైసమ్మకు వేళకు గోళీలు వేయించడం, భర్త పరమేశ్వర్ ఎప్పుడొస్తే అప్పుడు అన్నం వేడి చేసి పెట్టడం, ఇవీ ఆమె పనులు. పరమేశ్వర్ ఒకప్పుడు రైతు, ఇప్పుడు ప్లాట్ల బ్రోకరు. కొంగరకలాన్‌లో కలెక్టరాఫీసు కడుతున్న రోజులవి. మహేశ్వరం దాకా చెలకలన్నీ తెల్లరాళ్లు పాతించుకుని ప్లాట్లయిపోతుంటే, పొద్దస్తమానం చౌరస్తా హోటల్లో చాయ్ ముందు కూర్చుని బేరాలు మాట్లాడటమే ఆయన వ్యవసాయం.

వాళ్ల మడి కూడా అట్లాగే పోయింది. మడి పోయినందుకు ఇంట్లో అందరూ సంబరపడ్డారు, భూలక్ష్మి తప్ప. నాట్లేసేటప్పుడు, పరమేశ్వర్ గట్టు దిగి వెళ్లిపోయాక, ఆమె పాట ఎత్తుకుంటే పక్క మడిలో ఆడవాళ్లు నడుము లేపి వినేవాళ్లు. ఇంట్లో మాత్రం పాడే దారి లేదు. కాపురానికొచ్చిన కొత్తలో బోళ్లు తోముతూ ఏదో కూనిరాగం తీస్తే మైసమ్మ గయ్యిమంది. "ఇంటి కోడలు ఇంట్ల పాటలు పాడుతదానే? గదేం అలవాటు?" అని. ఆ రోజు మూసిన నోరు భూలక్ష్మి మళ్లీ ఆ ఇంట్లో తెరవలేదు. అడగాల్సినవి కూడా అడగడం మానేసింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగని కోడలికి ఎవరు పెడతారు?

ఇక ఆమెకు మిగిలింది బతుకమ్మ తొమ్మిది రోజులు. ఆ ఆటలో అందరూ కలిసి పాడరు. ఒకామె పాట చెబుతుంది, మిగతావాళ్లు చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతూ ఉయ్యాలో అని అందుకుంటారు. వాడకట్టుకల్లా పాట చెప్పే మనిషి భూలక్ష్మే. వాళ్లమ్మ నేర్పిన పాత పాటలు ఆమె దగ్గర బుట్టెడున్నాయి. ఆ తొమ్మిది సాయంత్రాలు ఆమె ఎవరి భార్యో, ఎవరి కోడలో గుర్తుండేది కాదు. మగవాళ్లు పూలు తెచ్చి ఇంట్లో పడేసి చౌరస్తాకు వెళ్లిపోతారు. ఆడవాళ్ల ఆటలో వాళ్లకేం పని? అందుకే పరమేశ్వర్ ఏనాడూ భార్య పాట వినలేదు. వినలేదన్న సంగతి కూడా ఆయనకు తెలియదు.

అట్లా గడిచిపోయేదే. సంతోషి రాకపోతే.

సంతోషి మరిది శ్రీపాల్ పెళ్లాం. సరూర్‌నగర్‌లో పుట్టి పెరిగిన పిల్ల. ఆదిభట్లలో విమానాల సామాను చేసే కంపెనీలో నౌకరి. పట్నంలో కిరాయిలు పెరిగి, కంపెనీ దగ్గరవుతుందని మొగుడూ పెళ్లాలు వచ్చి పై అంతస్తులో దిగారు. పొద్దున్నే కంపెనీ బస్సు సందు మొదట్లో ఆగి హారన్ కొడుతుంది. మెడలో ఫొటో కార్డు వేసుకుని సంతోషి దిగి వస్తుంది. శ్రీపాల్ టిఫిన్ డబ్బా సంచి పట్టుకుని వెనకాలే వచ్చి బస్సెక్కిస్తాడు. భూలక్ష్మి వాకిలి ఊడ్చే వేళ కూడా సరిగ్గా అదే. ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తూ ఆ సంచి వంకే చూసేది. ఇన్నేళ్ల కాపురంలో తన చేతిలోని సంచి ఎవరైనా ఒక్కసారి అందుకున్నారా!

పోనీ ఆ పిల్ల పొగరుబోతా అంటే అదీ కాదు. "అక్కా, అక్కా" అంటూ చుట్టూ తిరుగుతుంది. మైసమ్మ కాళ్లకు నూనె రాస్తుంది. తిట్టుకోవడానికి ఒక్క వంక దొరకదు. అసూయపడేవాళ్లకు అంతకు మించిన కష్టం ఉంటుందా? భూలక్ష్మికి కళ్లలో నిప్పులు పోసుకున్నట్టుండేది. పైకి మాత్రం "తిన్నవా బిడ్డా" అనేది.

పోయినేడు బతుకమ్మకు సంతోషి ఒక స్పీకర్ డబ్బా, మైకు కొనుక్కొచ్చింది. ఫోన్‌లో పాటలు చూసుకుని మైకులో ఎత్తుకుంది. ఇంకేం, వాడలో పడుచులంతా ఆమె వెంట చేరారు. భూలక్ష్మి తన పాట తాను మొదలుపెట్టింది. రెండు చరణాలయ్యేసరికి ఆ డబ్బా మోతలో ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. పాట మధ్యలో ఆపి అందరితోపాటు చప్పట్లు కొడుతూ తిరిగింది. ఎవరూ ఏమయిందని అడగలేదు.

అది చాలదన్నట్టు ఆ రాత్రి పరమేశ్వర్ అన్నానికి కూర్చుని మురిసిపోయాడు.

"మన సంతోషి ఏం పాడిందే! చౌరస్తాదాంక వినొచ్చింది. హోటల్ల కూసున్నోళ్లందరు చాయ్ తాగుడు ఆపి విన్నరు."

"నేను గూడ పాడిన," అంది భూలక్ష్మి.

"నువ్వా?" పరమేశ్వర్ ముద్ద కలుపుతూ తలెత్తాడు. "నీకు పాటలొస్తయా?"

ఎగతాళికి అన్నమాట కాదు. నిజంగానే తెలియక అడిగాడు. ఎగతాళి చేసినా బాగుండేది, తిరిగి నాలుగు మాటలనేది. ఆ రాత్రి బోళ్లు తోమేటప్పుడు వంటింట్లో అయిన చప్పుడుకు మైసమ్మ నిద్రలేచి "ఏందే గా మోత?" అని అరిచింది. అప్పటినుంచి ఏడాది పొడుగునా సంతోషి నవ్వితే మంట, కొత్త చీర కడితే మంట. పరమేశ్వర్ "సంతోషి తిన్నదా?" అని మామూలుగా అడిగినా సరే, కడుపులో ఎవరో ఎర్రగా కాల్చిన అట్లకాడ పెట్టినట్టుండేది.

ఈ ఏడు పండగకు వారం ముందు ఆ పిల్లే వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, ఫోన్ల పాటలు అందరికి వస్తయ్. గవే పాడుతే ఏం మజా? నీకు వచ్చే పాత పాటొకటి జర నేర్పు. ఎంగిలిపూల నాడు పాడుత."

భూలక్ష్మి ఒళ్లు భగ్గుమంది. కూర్చోవడానికి చోటిస్తే పడుకోవడానికి మంచం అడిగినట్టు! బస్సు నీకే, సంచి మోసే మొగుడు నీకే, మైకు నీకే. ఇప్పుడు మా అమ్మ పాట కూడా నీకే కావాల్నా?

"అవ్ బిడ్డా, ఎందుకు నేర్ప," అంది నోటితో. నేర్పింది కూడా. ఏ పాట నేర్పిందో వింటేనే మొదట చెప్పిన మాట ఎందుకు చెప్పాల్సి వచ్చిందో తెలుస్తుంది.

ఆ వాడకట్టులో ఒక పాట ఉంది. "ఏడు గుట్టలవతల ఉయ్యాలో, ఎవరి ఇల్లు కనబడె ఉయ్యాలో" అని మొదలవుతుంది. వినడానికి హాయిగా ఉంటుంది. పోవడం, సాగనంపడం లాంటి మాట ఒక్కటీ ఉండదు. కానీ ఆ గుట్టల అవతలి ఇల్లు, బతుకమ్మగా పుట్టింటికొచ్చిన గౌరమ్మ అత్తగారిల్లు. అందుకని దాన్ని చివరి రోజు, సద్దుల బతుకమ్మనాడు, చెరువులో పూలు వదిలేటప్పుడు మాత్రమే ఎత్తుకుంటారు. ముందు రోజుల్లో ఎవరైనా పొరపాటున కూనిరాగం తీసినా ముసలమ్మలు నెత్తిన మొట్టేవాళ్లు. ఇంటికొచ్చిన ఆడబిడ్డను అదే రోజు మూటాముల్లె సర్దుకుని పొమ్మన్నట్టే కదా అది! ఆ సంగతి వాడలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సంతోషి కిందటేడు ఎనిమిది రోజులు ఆడి, సద్దులకు తల్లిగారింటికి పోయింది. ఆమెకెట్లా తెలుస్తుంది?

తెలియదనే నేర్పింది భూలక్ష్మి. పాపం, ఆ పిల్ల కంపెనీ బస్సులో పోతూ వస్తూ వారమంతా వల్లెవేసింది.

ఎంగిలిపూల నాడు మబ్బు పట్టినా వాన పడలేదు. తంగేడు, గునుగు, బంతి పేర్చిన తాంబాళాలన్నీ వాడ మధ్యలో పెట్టారు. మైసమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని ఓ పక్కన కూర్చుంది. సంతోషి మైకు పట్టుకుని, భూలక్ష్మి వైపు చూసి నవ్వి, పాట ఎత్తుకుంది.

మొదటి చరణానికి పడుచులు ఉయ్యాలో అన్నారు. రెండో చరణానికి పెద్దవాళ్ల చప్పట్లు ఆగిపోయాయి. మైసమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఆపుండ్రే! ఏం పాటే గది? అమ్మ రాంగనే తోలుతుర్రా? సదువుకున్నవ్, నౌకరి జేస్తున్నవ్, గీ మాత్రం తెల్వదా? ఎవలు నేర్పిర్రే నీకు?"

ఆడవాళ్లు "అయ్యో, అయ్యయ్యో" అంటూ నోళ్లు నొక్కుకున్నారు. సంతోషి ముఖం పాలిపోయింది. అది చూసిన భూలక్ష్మికి, దాచడమెందుకు, కడుపు చల్లబడింది. ఏడాదినుంచి రగులుతున్న మంట మీద ఎవరో కుండెడు నీళ్లు కుమ్మరించినట్టయింది.

అంతలోనే భయం పట్టుకుంది. "అక్క నేర్పింది" అని ఆ పిల్ల ఒక్క మాటంటే చాలు. వాడకట్టు మొత్తంలో ఆ పాట ఎప్పుడు పాడాలో భూలక్ష్మికి తెలిసినంత ఎవరికీ తెలియదు. పొరపాటని ఎవరూ అనుకోరు. ఇక జన్మలో ఆమెను పాట చెప్పనివ్వరు.

సంతోషి ఆమె వైపు చూసింది. ఆ చూపులోనే సంగతంతా ఆ పిల్లకు అర్థమైపోయిందని భూలక్ష్మికి తెలిసింది.

"ఎవలు నేర్పలే అత్తమ్మా. ఎక్కడ్నో విన్న. తప్పయింది," అంది సంతోషి. వచ్చి మైకు భూలక్ష్మి చేతిలో కుక్కింది. దగ్గరగా వంగి, ఆమెకు మాత్రమే వినపడేట్టు, కళ్లలో నీళ్లు ఆపుకుంటూ అంది. "కావాలనే జేసినవ్ గదక్కా? మైకు గావాల్నని ఒక్కసారన్న అడిగినవా? అడుగుతే ఇయ్యకపోదునా?"

భూలక్ష్మికి తల కొట్టేసినట్టయింది. అడగలేదు. ఎవరినీ ఏదీ అడగలేదు. ఎవరూ ఇవ్వడం లేదని మాత్రం అందరి మీదా కుళ్లుకుంది. ఆ పిల్ల ముఖంలోకి చూడలేక చేతిలో మైకు వైపు చూసింది.

"ఎత్తుకోవే భూలక్ష్మీ! అమ్మను మళ్ల పిలువు. జల్ది!" మైసమ్మ అరిచింది.

భూలక్ష్మి ఎత్తుకుంది. "వాన వెలిసిన యేళ ఉయ్యాలో, వాకిట నిలిచెనే ఉయ్యాలో." వాళ్లమ్మ పాట. మొదట గొంతు సిగ్గుతో జీరబోయింది. తర్వాత సాగింది. చరణం తర్వాత చరణం తోసుకొచ్చింది. పడుచులు, ముసలివాళ్లు ఒకే చుట్టు కట్టి తిరిగారు. సంతోషి కూడా ముక్కు తుడుచుకుంటూ వచ్చి కలిసింది. మైసమ్మ కుర్చీలో కూర్చుని తలూపుతూనే ఉంది. దీపాలు పెట్టే వేళ దాటినా ఎవరూ ఇంటికి పోదామనలేదు.

ఆ రాత్రి పరమేశ్వర్ మామూలుకన్నా ముందే ఇంటికొచ్చాడు. చేతులు కడుక్కుని పీట మీద కూర్చుని, అన్నం వైపు చూడకుండా అన్నాడు.

"ఇయ్యాల మైకుల పాడిందెవరే?"

భూలక్ష్మి చేతిలో గరిటె ఆగింది. "సంతోషి గావొచ్చు."

"సంతోషి గాదు. గామె గొంతు నాకు తెల్వదా? గీమె ఎవలో వేరే. హోటల్ల బేరం మాట్లాడుతున్న, నోట్ల మాట నోట్లనే ఉండిపోయింది. ఏం గొంతే తల్లీ! పానం ల్యాసొచ్చింది. గసొంటి ఆడమనిషి ఇంట్ల ఉంటే ఆ మొగడు బయటికే పోడు."

ఎవతె అది? నిజం చెప్పాలంటే, కన్నుమూసి తెరిచేంతసేపు భూలక్ష్మి ఒళ్లు మండిపోయింది ఆ ఆడదెవరో దాని మీద. తర్వాత గుర్తొచ్చింది.

"నేనే" అనబోయింది. నాలుక చివరిదాకా వచ్చింది మాట. అంటే ఆయన మళ్లీ ముద్ద కలుపుతూ "నువ్వా?" అంటాడు. ఆ మాట ఇంకోసారి వినే ఓపిక ఆమెకు లేదు. ఈసారి అడగాల్సింది వేరే ఉంది.

"రేపు గూడ పాడుతది. వచ్చి సూడు," అంది.

"ఆడోళ్ల కాడికి నేనెట్ల వస్తనే?"

"దూరంగ నిలబడు. గాని రా. నేనడుగుతున్న, రా."

పరమేశ్వర్ ఆశ్చర్యంగా చూశాడు. ఆమె తనను ఏదైనా అడగడం ఆయనకు గుర్తున్నంతలో అదే మొదలు. "వస్త. తప్పకుంట వస్త. గామె మొఖం సూడాల్నని నాకు గూడ ఉంది," అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన ముఖం కొత్త పెళ్లికొడుకు ముఖంలా వెలిగింది.

ఇన్నేళ్లలో ఆ ముఖం తన కోసం ఒక్కసారి కూడా అట్లా వెలగలేదు. పప్పు వడ్డిస్తూ భూలక్ష్మి కుళ్లుకుంది, రేపు మైకు పట్టుకోబోయే ఆ ఆడదాని మీద.