నేరేడు దుంగ, ఇనుప గొట్టం

తోలు గీకే దుంగకి కణుపు ఉండకూడదు. కణుపు ఉన్నచోట చెక్క కొంచెం లేచి ఉంటుంది. కత్తి ఆ ఎత్తు మీదికి రాగానే తోలు తెగుతుంది. మా అన్న నాకు చెప్పిన మొదటి పనిమాట అదే. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన గురించి రాయాలని కూర్చున్నప్పుడల్లా ఓర్పు, మంచితనం లాంటి మాటలు ముందుకొస్తాయి. వాటిని నేను నమ్మను. దుంగ గురించి రాస్తే అబద్ధం రాయడం కష్టం.

మాది శ్రీకాకుళం వైపు. నాన్న జంషెడ్‌పూర్ వచ్చి ఖర్కాయి ఒడ్డున ఒక తోళ్ల కార్ఖానాలో చేరాడు. ఆయన తర్వాత ఆ చోటు అన్నకి వచ్చింది. డెబ్బైల చివర్లో కద్మా వెనక బస్తీలో రెండు గదుల్లో అన్న, వదిన, నేను ఉండేవాళ్లం. అన్న సంపాదన మీద నేను ఇంటరు సైన్సు చదివాను. తర్వాత వెల్డింగు నేర్చుకుని ఒక కాంట్రాక్టరు దగ్గర పనికి కుదిరాను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. చిన్నవాణ్ణని తప్పించుకోడానికి లేదు.

అన్న పని మేకతోళ్లకి లోపలివైపు అంటుకుని ఉన్న మాంసం, కొవ్వు గీకి తీయడం. మనిషి నడుమంత లావున్న నేరేడు మొద్దుని నిలువునా చీల్చి, బాడిసతో పైభాగం గుండ్రంగా చెక్కి, ఒక కొస నేలకి ఆనేలా, రెండో కొస రెండు కాళ్ల మీద బొడ్డు ఎత్తుకి వచ్చేలా నిలబెట్టేవాడు. తడితోలుని దాని మీద పరిచి, పైఅంచుని తన పొట్టకీ దుంగకీ మధ్య నొక్కిపట్టి, రెండు పిడుల కత్తిని కిందికి తోసేవాడు. నేరేడు నీళ్లకి ఓర్చుకుంటుంది. కానీ పచ్చికర్ర పనికిరాదు. ఆరు నెలలు నీళ్లలో నానాలి, ఏడాది నీడలో ఆరాలి. తొందరపడితే నిలువునా పగులుతుంది.

తయారైన తర్వాత కూడా దాన్ని చూసుకోవాలి. రోజూ పని అయ్యాక కడిగి తడిగోనె కప్పేవాడు. ఆదివారం గాజుపెంకుతో గీరి, అరచెయ్యి పైనుంచి కిందికి లాగి చూసేవాడు. చేతికి ఏదైనా తగిలితే అక్కడ చిత్రిక. ఆ చెయ్యి మీద ఆయనకున్న నమ్మకం కళ్ల మీద ఉండేది కాదు. ఆయన గీకిన తోలుకి గాటు ఉండేది కాదు. కలకత్తా నుంచి వచ్చే బేరగాడు ఆయన తోళ్లని విడిగా పెట్టించుకునేవాడు.

ఆ కార్ఖానాలో కత్తి, దుంగ ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. దుంగ లేనివాడికి గీకే పని ఇవ్వరు. వాడు సున్నం గుంటల్లో దిగి తోళ్లు తొక్కాలి. అన్నకీ ఆ గుంటలకీ మధ్య ఉన్నది ఆ దుంగ ఒక్కటే. అది నాకు బాగా తెలుసు.

వానాకాలంలో నది పొంగి కార్ఖానా ఆవరణలోకి నీళ్లు వచ్చేవి. దుంగ కొట్టుకుపోకుండా అన్న దాన్ని భుజం మీద ఇంటికి మోసుకొచ్చి వరండాలో పెట్టేవాడు. ఎంత కడిగినా దాని వాసన పోదు. ఒక వానాకాలం మా సైటు సూపర్‌వైజరు, విజయనగరం మనిషి, ఏదో పని మీద మా ఇంటికి వచ్చాడు. వరండాలో అడుగుపెట్టి జేబురుమాలు తీశాడు.

"ఏటయ్యా, ఇంట్లో ఏటి సచ్చింది?" అని నవ్వాడు.

వదిన గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఆయన తాగలేదు. మర్నాటి నుంచి సైటులో నన్ను 'చమ్‌డా' అని పిలిచారు. తోలు అని అర్థం. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను.

ఆ వారంలోనే తుక్కులో పడివున్న పెద్ద గొట్టం ఒకటి స్టోరువాణ్ణి అడిగి తీసుకున్నాను. నిలువునా కోసి, అంచులు గ్రైండరు పట్టి, యాంగిల్ ముక్కలు కాళ్లుగా అతికాను. ఎర్రరంగు రెండు పూతలు వేశాను. రిక్షా మీద ఇంటికి తెచ్చాను.

అన్న దాని చుట్టూ తిరిగి చూశాడు. "ఇనుమేటిరా? కత్తిని తోలు మీద ఒదిలీకూడదనీవోడు మన అయ్య. తుడిసి పక్కన పెట్టాలనీవోడు."

"ఎందుకో సెప్పినాడేటి?"

"సెప్పలేదు. ఒదలకూడదన్నాడంతే."

"మరదే. ఎందుకో ఆయనకీ తెలీదు. అన్నా, ఈ ఊరంతా ఇనుం మీదే బతుకుతోంది. ఇది వరదకి కొట్టుకుపోదు. ఎండకి పగలదు. సిత్రిక అక్కర్లేదు, వాసన పట్టదు. రంగేసినాను, తుప్పు కూడా పట్టదు. నువ్వు వొంగక్కర్లేకుండా ఎత్తు కూడా సరిసేసినాను, నీ నడుం కోసం."

ఆ చివరి మాట అప్పటికప్పుడు పుట్టింది.

వదిన గుమ్మంలోంచి, "మా మరిదిబాబు ముక్కు కాలేజీకెళ్లి పొడుగైపోనాది. ఒకప్పుడు ఆ దుంగ మీదే తలెట్టుకుని తొంగునీవోడు," అంది.

"నువ్వూరుకోయే," అన్నాడు అన్న. "సదువుకున్నోడు. ఆడికి తెలీదేటి?"

ఆ సాయంత్రమే గొడ్డలి తీసుకుని నేరేడు దుంగని చీల్చాను. వానకి కట్టెలన్నీ తడిసి ఉన్నాయి. అన్న వచ్చి, "అప్పుడే ఎందుకురా, ఉండనీ కొన్నాళ్లు," అన్నాడు. "మళ్లీ దాంతో ఏటి పని?" అన్నాను. అప్పటికే సగం చీలిపోయింది. నేరేడు కర్ర బాగా మండింది. ఆ మంట మీద కాగిన నీళ్లతో స్నానం చేశాను.

మొదటి వారం అంతా బాగుంది. ఇనుము మీద కత్తి జారుతోందని, పని తొందరగా తెములుతోందని అన్న చెప్పాడు. నేను ఒకసారి వెళ్లి చూశాను. తోలు ఆనే చోట ఎర్రరంగు అప్పుడే అరిగిపోయి ఇనుము తెల్లగా మెరుస్తోంది. నునుపెక్కిందని సంతోషించాను.

గీకిన తోళ్లు కొన్నాళ్లకి తుమ్మబెరడు నానేసిన తొట్లలోకి వెళ్తాయి. ఆ కషాయంలోనే పచ్చితోలు పదునెక్కుతుంది. అన్న తోళ్లు తొట్టిలో పడ్డ రెండోరోజుకి వాటి మీద నల్లటి మచ్చలు తేలాయి. నీలం కలిసిన నలుపు. ఇంకెవరి తోళ్ల మీదా లేవు. నిమ్మకాయ రుద్దారు, ఉతికారు. పోలేదు. ఒక్కో తోలూ తీసి పరుస్తుంటే మచ్చలన్నీ ఒకేచోట, గొట్టం ఆనిన మేర, నిలువుగా ఉన్నాయట.

కార్ఖానా యజమాని కేకలు వేసే మనిషి కాదు. గొట్టం దగ్గరికి వచ్చి దాని మీద వేలు రాసి, తుప్పు అంటిన ఆ వేలు అన్నకి చూపించాడు. "మిస్త్రీ, లోహే పే చమ్‌డా? తుమ్? దూస్‌రా కోయీ కర్తా తో మాన్ లేతా," అన్నాడు. ఇనుము మీద తోలు పెట్టింది ఇంకెవరైనా అయితే సరేననుకునేవాణ్ణి, నువ్వా, అని. తర్వాత, "లక్‌డీ వాలా లేకే ఆవో," అన్నాడు. కర్రది తీసుకురమ్మని. అన్న తలవంచుకున్నాడు. కర్రది లేదు.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. చెట్టుబెరడులో ఉండే వగరుకి ఇనుము తగిలితే నల్లసిరా రంగు వస్తుందని ఇంటరు కెమిస్ట్రీలో చదివాను. పరీక్షలో రాశాను కూడా. దానికి మార్కులు వేశారు. నాన్నకి కారణం తెలియదు, కానీ కత్తిని తుడిచి పక్కన పెట్టేవాడు. కారణం తెలిసిన నేను దాన్ని పుస్తకంలోనే వదిలేశాను. ఆ తర్వాత చాలా పుస్తకాలు చదివాను. అవి నన్నేమీ మార్చినట్టు కనిపించదు.

అన్న సున్నం గుంటల్లోకి దిగాడు. తోటివాళ్లు అడిగితే, "నా నడుం కోసం మా తమ్ముడు సేసినాడు. ఆడిదేం తప్పు లేదు," అని చెప్పేవాడట. ఆ మాట నాకు ఎదురుగా కూడా అన్నాడు. 'కాదు అన్నా, వాసనకి సిగ్గుపడి చేశాను' అని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. చెప్పలేదు. వదిన నా ముఖం చూసి గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆవిడకి తెలుసు.

సాక్చీ కట్టెల అడితీలో అన్న మళ్లీ ఒక నేరేడు మొద్దు ఏరుకున్నాడు. ఆరు నెలలు నదిగట్టు పక్క మడుగులో, ఏడాది ఇంటి వెనక నీడలో ఉంచాడు. ఈలోగా సున్నానికి ఆయన పాదాలు పగిలి, వేళ్ల సందుల్లో పుళ్లు పడ్డాయి. పొద్దున్న చెప్పు వేసుకోవడానికి గోడ పట్టుకునేవాడు. అయినా సాయంత్రం వచ్చి మొద్దుని తడిమేవాడు, ఒక్కోసారి వేలితో కొట్టి చెవి పెట్టి వినేవాడు. చెక్కడానికి నెల పట్టింది. నేను సాయం వస్తానంటే, "నీకెందుకు, డూటీ నుంచి వచ్చినావు, కూకో," అన్నాడు. ఆ మాటలో కోపం కోసం వెతికాను. లేదు. ఉంటే బాగుండేది.

దుంగ బాగా కుదిరింది. నా అరచెయ్యి పట్టుకుని దాని మీద కొస నుంచి కొసదాకా లాగి, "ఏటైనా తగిలిందా?" అని అడిగాడు. లేదన్నాను. మర్నాడు పొద్దున్నే భుజం మీద పెట్టుకుని వెళ్లాడు. వదిన చాలా రోజుల తర్వాత పప్పులో నెయ్యి వేసి కేరియరు కట్టింది.

సాయంత్రం ఖాళీ భుజంతో వచ్చాడు. పిక్కల దాకా సున్నం ఎండి ఉంది.

"దుంగేదీ?" అంది వదిన.

"ఆడ ఉంది. నా సోట్లో ఒక కుర్రోడున్నాడు. ఆడి దుంగ పగిలిపోనాది. మాలిక్ సూసి, మిస్త్రీ, ఇది ఈడికిచ్చీ, నువ్వు మా అందరికీ దుంగలు సెయ్యి అన్నాడు."

"మరి నువ్వు?"

"గుంటలోనే. దుంగలు ఆ పనయ్యాక."

"ఇచ్చీసినావా?"

"ఆడి సెయ్యి మంచిదే. రెండు తోళ్లు గీకితే సూసినాను. గాటు పడలేదు."

వదిన పొయ్యి దగ్గరికి వెళ్లింది. వేడినీళ్లు తెచ్చి ఆయన కాళ్ల ముందు కూర్చుంది. సున్నం నానే దాకా ఆగి, పుళ్ల మీద చెయ్యి పడకుండా కడిగింది. ఒకసారి తలెత్తి నా వైపు చూసి, "బాబూ, అటు జరుగు, ఎలుతురు అడ్డొస్తన్నావు," అంది. నేను జరిగాను.