ముందే బయలుదేరిన సూట్‌కేస్

కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో ఉండే చెల్లెలి ఇంటికి ఎంత దూరమని ఎవరడిగినా, వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో ఉండే జ్ఞానప్రసూన మైళ్ళు చెప్పేది కాదు. "పోతే ఆరు గంటలు, వస్తే అయిదు" అనేది. పడమటికి పోయే విమానానికి ఎదురుగాలి.

ఆ శనివారం చెల్లెలు త్రివేణిని గుండెనొప్పితో ఆస్పత్రిలో చేర్చారు. సోమవారం పొద్దున్నే ఆపరేషన్ అన్నారు.

"నీ మొహం చూడందే నేను లోపలికి వెళ్ళనక్కా" అంది ఫోన్‌లో. నవ్వుతూనే అంది గానీ, మాట మాటకీ ఆయాసం వినబడింది.

ఆదివారం సాయంత్రం విమానం దొరికింది. ఇల్లు కదిలే వేళకు సరిగ్గా రాహుకాలం. అందుకని మధ్యాహ్నమే మంచి ఘడియ చూసి, సూట్‌కేస్‌ని ఎదురింటి నమ్రత గరాజ్‌లో ప్రస్థానం పెట్టింది. సామాను ముందుగా గడప దాటితే మనిషి బయలుదేరినట్టే లెక్క. ప్రయాణానికి తప్పనిసరైనదేదో ఒకటి అందులో ఉండాలని వాళ్ళమ్మ చెప్పేది. విమానం ఎక్కడానికి చూపించాల్సిన లైసెన్స్ ఉన్న పర్సు పెట్టింది.

"ఏంటాంటీ, మీకంటే ముందే మీ బ్యాగ్ చెకిన్ అయిపోయిందా?" అంది నమ్రత.

"నవ్వకమ్మా. ఇవాళ నవ్వకు."

తీరా వెళ్ళేసరికి గరాజ్ మూసి ఉంది. నమ్రత, మొగుడు కౌశిక్ సినిమాకి వెళ్ళారు. ఎన్నిసార్లు చేసినా ఇద్దరూ ఫోన్ ఎత్తలేదు. జ్ఞానప్రసూన భర్త ఆంజనేయప్రసాద్ కార్ ఇంజన్ ఆపకుండా కూర్చున్నాడు.

"లైసెన్స్ కూడా దాంట్లోనే పెట్టావా? రాహువు ఏం చేసేవాడో గానీ ప్రసూనా, ఈ పని మాత్రం నువ్వే చేశావు."

అనేసి తనే తల దించుకున్నాడు.

నమ్రతావాళ్ళు తిరిగొచ్చి గరాజ్ తలుపు తెరుస్తుంటే విమానమొకటి ఇళ్ళ మీదుగా పడమటికి పోయింది. అది తనదేననిపించింది ఆమెకు.

మర్నాడు తెల్లవారకముందే మొదటి విమానం ఎక్కింది. కాలిఫోర్నియా గడియారం మూడు గంటలు వెనక. ఆ మూడూ కలిసొస్తాయని దారంతా వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. కలిసొచ్చినా చాలలేదు. ఆపరేషన్ వేళకు విమానం ఇంకా యూటా కొండల మీదే ఉంది. ముందున్న తెరమీద దాని బొమ్మ కదలనట్టే కదులుతోంది. అప్పుడే ఫోన్‌లో మరిది శశికాంత్ మెసేజ్ కనబడింది.

"వదినా, లోపలికి తీసుకెళ్ళారు. అక్క వచ్చిందా అని అడిగింది. దిగావని చెప్పాను. నేనిక్కణ్ణించి కదలను, అనీష్‌ని ఎయిర్‌పోర్ట్‌కి పంపిస్తున్నా."

అనీష్ వాళ్ళబ్బాయి. ఆ తర్వాత మరో మెసేజ్ లేదు. తనే రెండుసార్లు రాసింది. జవాబు రాలేదు.

శాన్ ఫ్రాన్సిస్కోలో దిగాక కూడా, గేటు ఖాళీ లేదని చాలాసేపు విమానంలోనే కూర్చోబెట్టారు. చివరికి అద్దాల తలుపులు దాటి వచ్చి అనీష్ కోసం వెతికింది.

అనీష్ లేడు. చొక్కా మీద ఆస్పత్రివాళ్ళ స్టిక్కరు అలాగే ఉండగా, శశికాంత్ నిలబడి ఉన్నాడు.

"నువ్వెందుకొచ్చావు, శశీ?" అంది.

అతను దగ్గరికి వస్తుంటే వెనక్కి ఒక అడుగు వేసింది.

"నువ్వెందుకు రావాలయ్యా?"